ఎండ వెంట ఇల్లు

గ్రీజు గడ్డకట్టింది. డిసెంబరులో ఘాజియాబాద్‌లో మనుషులే దుప్పట్లు వదిలి రారు, గ్రీజును తిట్టి లాభం లేదు. పౌలురాజు వేడినీళ్ళలో ముంచి పిండిన గోనెపట్టాను గేర్‌బాక్సు మీద కప్పి, పక్కన గొంతుక్కూర్చుని, లోపల మెత్తబడేదాకా కాచుకున్నాడు. తరవాత గోనె తీసి పక్కన పడేసి, గోడలోంచి పొడుచుకొచ్చిన ఇనుప హ్యాండిల్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. మొదటి చుట్టు ఎప్పుడూ మొండికేస్తుంది. ఎడమకాలు గోడకు తన్నిపెట్టి, ఒంటి బరువంతా వేసి దాన్ని కిందికి దించాడు. పైన ఎక్కడో ఒక చక్రం కీచుమంది. ఇల్లు కదిలింది.

కదిలిందంటే పరిగెత్తిందని కాదు. చేతులు పడిపోయేలా తిప్పితే జానెడు జరుగుతుంది. ఆ జానెడు జరగడానికి పౌలురాజు లోలోపల ఒక ఆరాధన పాట మొదలుపెట్టి, చరణం చరణానికి ఊపిరి పీల్చుకుంటూ, పాట అయిపోయేదాకా ఆపడు. లోలోపల అనుకుంటాడు గాని, సగం బయటికే వస్తుంది. మధ్యమధ్య దగ్గు కూడా వస్తుంది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, అరవై దాటాక నడుం దగ్గర వంగిపోయాడు. మిలిటరీ స్వెట్టరు ఆకుపచ్చదనం పోయి బూడిద రంగుకు తిరిగింది. అరచేతుల్లో కాయలు కాశాయి, కాయలు పగిలాయి, పగుళ్ళలో గ్రీజు దూరి నల్లగీతలు పడ్డాయి. ఆ చేతులతో అన్నం కలుపుకోవడానికి ఆయనకే మనసొప్పక స్పూను వాడుతున్నాడు.

పైనుంచి కర్రతో నేలమీద ఒకసారి తట్టిన చప్పుడు వచ్చింది. జానకీదేవిగారి ఒళ్ళోకి ఎండ వచ్చిందన్నమాట. పౌలురాజు హ్యాండిల్ వదిలేసి గోడకు ఆనుకున్నాడు. మళ్ళీ ఎండ జరిగేదాకా తీరిక.

ఢిల్లీ చుట్టుపక్కల ఇల్లు దొరకడమే గొప్ప. ఆ ఇల్లు తిరగాలని కోరుకున్న మనిషి రామమోహనరావుగారొక్కరే. జానకీదేవిగారి భర్త, కేంద్ర ప్రభుత్వంలో ఇంజనీరు. ఏదో విదేశీ పత్రికలో బొమ్మ చూసి, హిండన్ నది అవతల పొలాల్లో స్థలం కొని, కింద బావి ఒరలాంటి గుండ్రటి సిమెంటు గది కట్టించి, దానిమీద ఇనప పట్టాలు వేయించి, పట్టాలమీద చక్రాలు, చక్రాలమీద ఇల్లు కూర్చోబెట్టారు. నడిమధ్య కదలని స్తంభం, అందులో మెట్లు. చుట్టూ పుచ్చకాయ ముక్కల్లా గదులు. వంపు తిరిగిన అద్దాలు. పొద్దున తూర్పుకి మొహం పెట్టి, ఎండ వెంట తిరుగుతూ సాయంత్రానికి పడమటికి చేరుతుంది. నీళ్ళ గొట్టాలు మెలిపడకుండా చీకటి పడేలోగా మళ్ళీ వెనక్కి తిప్పుకోవాలి. చూడటానికి కాలేజీ పిల్లలు బస్సుల్లో వచ్చేవాళ్ళు. ఊరినుంచి వచ్చిన చుట్టాలు మాత్రం కళ్ళు తిరుగుతున్నాయని సాయంత్రానికే బయల్దేరేవాళ్ళు. జానకీదేవిగారి దేవుడి గూడు పొద్దున తూర్పును చూస్తుంది, మధ్యాహ్నం దక్షిణానికి పోతుంది. దక్షిణం చూస్తూ కూర్చున్న దేవుళ్ళకు నైవేద్యం ఎలా పెట్టమంటారని ఆవిడ కాపురమంతా మొగుడితో పోట్లాడింది. చివరికి దేవుళ్ళకే సర్దుకుపోవడం అలవాటైంది.

ఈ కథలోకి పౌలురాజు పనివాడిగా రాలేదు, నర్సు మొగుడిగా వచ్చాడు. నరసాపురం దగ్గర పల్లె నుంచి సైన్యంలో చేరి, బళ్ళు బాగుచేసే విభాగంలో ఉద్యోగమంతా గడిపాడు. యుద్ధం చేశావా అని ఎవరైనా అడిగితే, యుద్ధానికి వెళ్ళిన లారీలకు గ్రీజు పెట్టానని నవ్వేవాడు. ఆఖరి పోస్టింగు ఢిల్లీ కంటోన్మెంటు. భార్య ఆనందకుమారి అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. రామమోహనరావుగారికి పక్షవాతం వచ్చినప్పుడు, రాత్రీపగలూ ఉండే తెలుగు నర్సు కావాలంటే ఆమె వచ్చింది. పింఛను తీసుకుని పౌలురాజూ వెనకే వచ్చాడు. కింద యంత్రం పక్కనున్న గదిలో మంచం వేసుకున్నారు. పైన ఇల్లంతా ఎండలో తిరుగుతుంది, ఈ గది తిరగదు, దీనికి కిటికీ కూడా లేదు. "పెద్దాయన బాగుపడేదాకేగా" అంది ఆనందకుమారి. పెద్దాయన బాగుపడలేదు. ఆయన పోయిన కొన్నేళ్ళకు ఆనందకుమారి షుగరుతో కిడ్నీలు చెడి, అదే మంచంమీద పోయింది. పౌలురాజు మిగిలాడు. మోటారుకు స్విచ్చి వెయ్యడం, తియ్యడం, అమ్మగారికి మందులు తేవడం, ఆదివారం తెలుగు ఆరాధనకు వెళ్ళి రావడం. ఇంతకన్నా ఆయన గురించి ఎవరూ చెప్పుకునేదేమీ లేదు.

పోయినేడు జానకీదేవిగారు స్నానాలగదిలో పడ్డారు. నోయిడాలో ఉండే కూతురు భానుశ్రీ వచ్చి, ఇక చాలు, నాతో వచ్చెయ్యి అని పట్టుబట్టింది. పట్టుబట్టక ఏం చేస్తుంది? తల్లికి ఎనభై దాటాయి, కళ్ళు దాదాపు పోయాయి, వెలుగు చీకటి తప్ప తెలియవు. అప్పుడు ఆవిడ ఒక మాట ఇచ్చింది.

"మీ నాన్న ఇల్లు తిరిగినన్నాళ్ళూ ఇక్కడే ఉంటానే. ఆగిననాడు చెయ్యి పట్టుకో, నోరెత్తకుండా వస్తాను."

ఈ మాట మెట్లమీద నిలబడి పౌలురాజు కూడా విన్నాడు. వానాకాలంలో మోటారు కాలిపోయింది. బాగుచేయిద్దామంటే భానుశ్రీ ఫోనులో "చూద్దాం అంకుల్" అంది. ఆ చూద్దాంకి అర్థం ఆయనకు తెలియకపోలేదు. కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికని గోడకు హ్యాండిల్ ఉంది. కరెంటు పోయినప్పుడంటే ఘాజియాబాద్‌లో సగం జీవితం కనక, అది తిప్పడం ఆయనకు కొత్త కాదు. మర్నాడు పొద్దున అదే పట్టుకున్నాడు. కొత్త మోటారు పెట్టించానండి, చప్పుడు చెయ్యదు అని అమ్మగారితో అబద్ధం చెప్పాడు. "అలాగా, మంచిదేనయ్యా" అంది ఆవిడ.

అమ్మగారి మీద జాలితో తిప్పాడని చెబితే వినడానికి బాగుంటుంది. జాలి ఉంది, లేదనను. అంతకన్నా భయం ఎక్కువ ఉంది. ఇల్లు ఆగితే ఆవిడకు నోయిడాలో ఒక గది ఉంది. ఆయనకు ఏదీ లేదు.

గోడకు ఆనుకుని ఆయాసం తీర్చుకుంటుండగా జేబులో ఫోను మోగింది. కూతురు అనుగ్రహ. ఢిల్లీలోని జియా సరాయ్‌లో, పోటీ పరీక్షల కుర్రాళ్ళు అద్దెకుండే మేడల్లో ఒక గది తీసుకుని మొగుడితో, ఇద్దరు పిల్లలతో ఉంటోంది. తల్లిలాగే నర్సు. తెలుగు అర్థమవుతుంది గాని నోటికి హిందీయే వస్తుంది.

"పాపా, క్రిస్మస్ పే ఆ రహే హో న?"

"ఎలా వస్తానమ్మా, అమ్మగారిని ఒదిలేసి?"

"ఏక్ దిన్ కే లియే భీ నహీఁ? పిల్లలు పూఛ్ రహే హైఁ."

"ఒక్కరోజుకా? పిల్లలు అడుగుతన్నారంటే చూస్తానమ్మా. ఎండ రోజూ వస్తది కదా, అదీ ఇబ్బంది."

అదేమి ఇబ్బందో ఆ పిల్లకు అర్థం కాలేదు. డ్యూటీకి టైమైందని పెట్టేసింది. ఒకసారి వాళ్ళ దగ్గర కొన్నాళ్ళున్నాడు. పొయ్యికీ ఫ్రిజ్‌కీ మధ్య పక్క వేశారు. మంచినీళ్ళకు లేచిన అల్లుడు ఆయన కాళ్ళు తొక్కకుండా గోడ పట్టుకుని దాటుకుంటూ వెళ్ళేవాడు. ఒక్కమాట అనలేదు, మంచివాడు. ఆ మంచితనం చూసే పౌలురాజు తిరిగొచ్చేశాడు. మళ్ళీ వెళ్ళి ఆ పిల్లల దారికి అడ్డంగా పడుకోవడం కంటే ఈ హ్యాండిలే నయమనుకున్నాడు.

పాలగ్లాసు తీసుకుని పైకి వెళ్ళాడు. మధ్యలో రెండుసార్లు ఆగవలసి వచ్చింది. జానకీదేవిగారు అద్దం దగ్గర పేము కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. చిన్న మొహం, తెల్లటి జుట్టు ముడి, ఎండకు మూసుకున్న కళ్ళు.

"ఏమయ్యా, ఒగరుస్తున్నావు?"

"మెట్లండి అమ్మగారూ."

"ఈ మెట్లు నిన్నటిదాకా లేవూ?"

"ఉన్నాయండి. నాకే ఏడాదేడాదికీ పెరుగుతున్నట్టున్నాయి."

ఆవిడ నవ్వి గ్లాసు అందుకుంది. గ్లాసుతోపాటు ఆయన చెయ్యి కూడా ఒక్క క్షణం ఆవిడ చేతిలో ఉంది. వెంటనే వదిలేసింది.

"ఆ పెద్ద మేడలు ఎంతవరకు లేచాయి?"

"రెండూ పూర్తయిపోయాయండి. రంగు వేస్తన్నారు."

"అయితే ఎండ పోయినట్టేనా?"

"లేదండి. రెండింటికీ మధ్య సందుంది. భోజనాలయ్యాక ఆ సందులోంచి కాసేపు వస్తది. అటు తిప్పుతాను కదండీ."

ఒకప్పుడు ఇల్లు సూర్యుడి వెంట తిరిగేది. ఈ ఏడాది మధ్యాహ్నం దాటాక సందుల వెంట తిరుగుతోంది. చుట్టూ పొలాలన్నీ అపార్టుమెంట్లయ్యాయి. ఇక్కడా కట్టేస్తామని బిల్డర్లు భానుశ్రీ చుట్టూ తిరుగుతున్నారు.

ఎండ నడినెత్తికి రాకముందే భానుశ్రీ కారు వచ్చింది. పైకి వెళ్ళలేదు. తిన్నగా కింది గదిలోకి వచ్చి, హ్యాండిల్‌నూ, పక్కన పడున్న తడిగోనెనూ చూసింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళనొప్పులు, కళ్ళకింద నలుపు. పౌలురాజు ఆవిణ్ణి ఇంకా పాపగారనే పిలుస్తాడు.

"వంటావిడ నాకు చెప్పింది అంకుల్. చేత్తో తిప్పుతున్నారట."

పౌలురాజు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అమ్మకి ఈ మెట్లు, ఈ చలి. మళ్ళీ పడితే ఎవరు చూస్తారు? మీరు పడితే మిమ్మల్ని ఎవరు చూస్తారు? సోచియే నా, మీరే ఆలోచించండి."

"ఆయ్, నిజమేనండి పాపగారూ."

నిజంగానే నిజమనిపించింది ఆయనకు. అదే కష్టంగా ఉంది. ఆవిడ అరిచి ఉంటే ఎదురుచెప్పడం తేలికయ్యేది.

"మరి ఆపెయ్యండి. నేను చెబితే అమ్మ వినదు. ఇల్లు ఆగితేనే వింటుంది."

"ఇవాళేనండీ?"

"ఇవాళే. నేను పైన అమ్మ దగ్గరే ఉంటాను. ఎండ రాకపోతే తనే అడుగుతుంది, అప్పుడు చెప్తాను. మీ సంగతి కూడా నేను చూస్తాను, ఠీక్ హై?"

"అలాగేనండి" అన్నాడు. ఏం చూస్తుందో ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మెట్లెక్కి వెళ్ళబోతూ ఆగి, "థాంక్యూ అంకుల్" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. ఆవిడకూ పాపం సరదాగా లేదు.

పౌలురాజు మంచంమీద కూర్చున్నాడు. వంటావిడ తెచ్చిపెట్టిన కంచంలో నాలుగు స్పూన్లు తిని తోసేశాడు. గోనెను మళ్ళీ వేడినీళ్ళలో ముంచవలసిన వేళ అది. ముంచలేదు. ముంచి ఏం చెయ్యాలి? ట్రంకుపెట్టె వైపు చూశాడు. అందులో పెట్టుకోవలసినవి ఏమున్నాయా అని ఆలోచిస్తే, అది నిండదనిపించింది. బైబిలు, రెండు జతల బట్టలు, ఆనందకుమారి తెల్ల యూనిఫాం. ఫ్రిజ్ పక్కన ఆ పెట్టె ఎక్కడ పడుతుందా అని కూడా ఆలోచించాడు. మగాడికి ఏడవడానికి ఒక గది ఉందంటే అది ఈ గదే, రేపటినుంచి అదీ ఉండదు. అయినా ఏడుపు రాలేదు, దగ్గు వచ్చింది.

పైన కర్ర తట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఎండ కావాలని.

కదలకుండా కూర్చున్నాడు. పాపగారికి మాటిచ్చాడు. మళ్ళీ రెండుసార్లు తట్టింది, ఈసారి మెల్లగా. అడగడానికి మొహమాటపడుతున్నట్టుగా తట్టింది. ఈ ఒక్క సందు ఎండా ఇచ్చేద్దాం, తరవాత ఆపేద్దాం, పాపగారు ఏమీ అనుకోదు. అలా అనుకుని లేచాడు.

గేర్‌బాక్సు చల్లబడి రాయిలా ఉంది. హ్యాండిల్ పట్టుకుని, ఎడమకాలు గోడకు తన్నిపెట్టి తోశాడు. రాలేదు. నీళ్ళు కాగేదాకా ఆగుదామంటే సందులో ఎండ ఆగదు. కళ్ళు మూసుకుని, పాటలో మొదటి మాట అందుకుని, మొత్తం ఒంటితో మళ్ళీ తోశాడు. ఈసారి వచ్చింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. చరణం మధ్యలో ఎడమభుజం కింద ఏదో బిగిసింది. తిమ్మిరనుకుని ఇంకొన్ని చుట్లు తిప్పాడు. తరవాత కాసేపు కూర్చుందామనుకుని, గోడకు వీపు ఆనించి, నెమ్మదిగా కిందికి జారి కూర్చున్నాడు. పాట ఎక్కడ ఆపాడో గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాడు. గుర్తురాలేదు.

పైన జానకీదేవిగారి కాలివేళ్ళకు వెచ్చగా తగిలింది. ఎండ పాదాలమీదికి ఎక్కింది, అక్కడే నిలిచిపోయింది. ఆవిడ ఇంకా రావాలన్నట్టు రెండుసార్లు తట్టింది. కాసేపాగి మళ్ళీ తట్టింది. ఇల్లు కదలలేదు.

ఎదురుగా కూర్చున్న భానుశ్రీకి అంతా అనుకున్నట్టే జరుగుతోంది. ఆఖరిసారి కాస్త తిప్పి, మాట ప్రకారం ఆపేశాడు, మంచి మనిషి అనుకుంది. తొందరపడకుండా లేచి, బీరువాలోంచి తల్లి చీరలు తీసి మంచంమీద పేర్చింది. ఏవి తీసుకెళ్ళాలి, ఏవి వంటావిడకు ఇవ్వాలి అని విడదీసింది. ఈలోగా ఎండ తల్లి పాదాలు వదిలేసి గడప దాటి, తండ్రి కూర్చునే ముందుగదిలోకి వెళ్ళి ఖాళీ సోఫామీద పడింది. అప్పుడు వచ్చి తల్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఇల్లు ఆగిపోయింది. మోటారు ఇంక పనిచెయ్యదట. నువ్వు మాటిచ్చావు కదా."

"మోటారు సంగతి తరవాత. కిందికెళ్ళి పౌలుని చూడవే."

"చూస్తాలే. ముందు నీ స్వెట్టరు..."

"భానూ!" ఆవిడ చెయ్యి విడిపించుకుంది. "మోటారుకి దగ్గు వస్తుందిటే? మోటారు పాటలు పాడుతుందిటే? ఇందాక పాట మధ్యలో ఆగిపోయింది. తొందరగా వెళ్ళు."

భానుశ్రీ తల్లి మొహంకేసి చూసింది. తరవాత మోకాళ్ళనొప్పి మరిచిపోయి మెట్లు దిగింది. కింద పౌలురాజు గోడకు ఆనుకుని, గడ్డం ఛాతీమీదికి వాల్చి, కునుకు తీస్తున్న మనిషిలాగే ఉన్నాడు. చేతులు రెండూ అరచేతులు పైకి పెట్టి ఒళ్ళో ఉన్నాయి. భుజం పట్టుకుని కుదిపితే ఒళ్ళంతా ఒకేసారి కదిలింది.

డాక్టరు వచ్చి, ఒక గంట ముందు చూసి ఉంటే ఏమో, చెప్పలేం అన్నాడు. భానుశ్రీ ఆ మాట తల్లికి చెప్పలేదు.

సమాధుల తోటలో ఆనందకుమారి పక్కన చోటు మిగల్లేదు. రెండు వరసల అవతల దొరికింది. పునరుత్థానం నాడు లేచేటప్పుడు తూర్పును చూస్తూ లేవాలని, వాళ్ళ పద్ధతి ప్రకారం, తల పడమటికి పెట్టి దించారు. అనుగ్రహ ట్రంకుపెట్టె తీసుకుని ఆటో ఎక్కింది. పెట్టె తేలిగ్గా ఉందని, ఇన్నేళ్ళు ఉండి ఇంతేనా అని హిందీలో మొగుడితో అంటూ ఏడ్చింది.

జానకీదేవిగారు మాట తప్పలేదు. కూతురు చెయ్యి పట్టుకుని మెట్లు దిగి కారెక్కింది. హిండన్ వంతెన దాటాక ఒక్కసారి నోరు విప్పింది.

"వద్దు పౌలూ, ఇంక తిప్పకు అని ఒక్కమాట అంటే సరిపోయేదే భానూ. అనలేకపోయాను. ఎండ హాయిగా ఉండేది."

అలాంటిదే ఒకటి భానుశ్రీ దగ్గరా ఉంది, అది చెప్పుకోవడానికి ధైర్యం చాలలేదు. ఆ తరవాత జానకీదేవిగారు నోయిడాలో బతికినన్నాళ్ళూ కుర్చీ ఎక్కడ వేస్తే అక్కడే కూర్చుంది, ఎండలో వెయ్యమని ఎప్పుడూ అడగలేదు.

ఇల్లు ఆ రోజు ఆగినచోటే, సందుకు కాస్త ఇవతల, ఒక మేడకు సగం, సందుకు సగం మొహం పెట్టి నిలబడిపోయింది. సామాను ఖాళీ చెయ్యడానికి వచ్చిన కూలీలు పేము కుర్చీ ఎత్తబోతే మెత్త కిందనుంచి ఊలు ఉండ ఒకటి దొర్లింది. కళ్ళు పోయినా అల్లిక మరిచిపోని చేతులు కొన్ని ఉంటాయి. పౌలురాజు మెట్లెక్కే చప్పుడు వినపడగానే ఆవిడ చేతిలో పని మెత్త కింద దాచేసేదని ఒక్క వంటావిడకే తెలుసు. కూలీలు కుర్చీ పట్టుకుపోయి, చేతికి తగిలినవి కిటికీ దిమ్మమీద పెట్టారు. సూదులమీద సగంలో ఆగిన ఊలు గ్లౌజు ఒకటి, పూర్తయిన గ్లౌజు ఒకటి. పూర్తయినదానికి అరచేతి చోట రెండు పోగులు కలిపి, మడతమీద మడత వేసి, దళసరిగా అల్లి ఉంది.